పుర్రెలు చెప్పిన చరిత్ర

పెరూలో ఉంటున్నానంటే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మాచు పిచ్చు చూశావా అనే. దాన్ని కట్టిన ఇన్కాల సామ్రాజ్యం గట్టిగా నూరేళ్లు నిలిచింది. 1532లో స్పెయిన్ సేన దిగాక కూలిపోయింది. వేల ఏళ్ల ఆండీస్ కథలో అది చివరి అంకం. మొదటి అంకాలను వెతికినవారిలో ఇక్కడివాళ్లు ముందు చెప్పే పేరు హూలియో తెయో.

తెయో 1880లో లీమాకు ఎగువనున్న హువారొచిరి కొండల్లో, కెచువా మాట్లాడే ఇంట్లో పుట్టారు. ఆ కొండల్లోని పాత సమాధుల్లో రంధ్రాలు చేసిన పుర్రెలు దొరికేవి. లీమాలో వైద్యం చదివిన తెయో వాటిని వందలుగా సేకరించి పరిశీలించారు. చాలా పుర్రెల్లో రంధ్రం అంచున ఎముక మళ్లీ పెరిగింది. అంటే పుర్రెకు రంధ్రం చేసినా మనిషి బతికాడు! లీమా పెద్దలు మోటువాళ్లని తీసిపారేసే కొండవాళ్ల పూర్వికులు శస్త్రవైద్యులన్నమాట. ఆయన దారి పురావస్తు శాస్త్రం వైపు మళ్లింది. 1911లో హార్వర్డ్‌లో ఎం.ఏ. పూర్తిచేశారు.

ఆ రోజుల్లో పేరున్న జర్మన్ పండితుడు మాక్స్ ఊలే, ఇక్కడి నాగరికతకు మూలం మధ్య అమెరికాలో ఉందనేవారు. తెయో ఒప్పుకోలేదు. 1919లో చావీన్ దె హువాంతర్ శిథిలాలకు వెళ్లారు. మూడు వేల మీటర్లకు పైన ఉన్న ఆ ఊళ్లో, ఇప్పుడు ఆయన పేరుతోనే పిలిచే రాతిస్తంభం మీద చెక్కింది మొసలిని. ఆ చలిలో మొసలి బతకదు, అది అమెజాన్ జంతువు. కాబట్టి ఈ నాగరికత వేళ్లు తూర్పు అడవుల్లో, ఈ ఖండంలోనే ఉన్నాయని ఆయన వాదించారు.

1925లో తెయో తవ్వకాల్లో పారకస్ ఎడారిలో సమాధులు బయటపడ్డాయి. 1927లో అక్కడే మరోచోట 429 శవాల మూటలు దొరికాయి. కూర్చున్న భంగిమలోని దేహం చుట్టూ పొరలు పొరలుగా నూలుగుడ్డలు, వాటి మధ్య ఉన్నిదారంతో కుట్టుపని చేసిన దుప్పట్లు. ఎడారి పొడిగాలి వల్ల రెండు వేల ఏళ్లయినా రంగులు వెలిసిపోలేదు. 1930లో ప్రభుత్వం మారి తెయో మ్యూజియం పదవి పోయింది. ఆ తర్వాతి ఏళ్లలో పారకస్ బట్టలు ఎన్నో దేశం దాటాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ చేరినవి 2014 నుంచి తిరిగొచ్చాయి.

తెయో 1947లో కన్నుమూశారు. అన్నిటికీ తల్లి చావీనే అన్న ఆయన లెక్క నిలవలేదు. 1990లలో లీమాకు ఉత్తరాన రూత్ షాడీ తవ్వించిన కరాల్ నగరం అంతకంటే వెయ్యేళ్లకు పైగా పాతది. పైగా అది ఉన్నది అడవికి దూరంగా, పడమటి తీరానికి దగ్గర్లో. అయినా అసలు వాదానికి దానివల్ల బలమే వచ్చింది: సుమారు ఐదు వేల ఏళ్ల కిందట ఆ ఊరు కట్టినవాళ్లు ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోలేదు. ఈ మాట పండితులు నమ్మకముందే నమ్మి, పుర్రెలతో, రాళ్లతో, గుడ్డపీలికలతో సాక్ష్యం కూడగట్టినవాడు హువారొచిరి కొండవాడు.