నవ్వెడి రక్కసులు

బోధను పట్టణమునందు రాకాసిపేట యను పేట యొకటి కలదు. భారతకథలోని ఏకచక్రపురమే నేటి బోధనని, భీముడు బకాసురుని వధించిన తావు ఇదియేయని ఈ ప్రాంతమువారు చెప్పుకొందురు. నవీపేటవారమగు మేమును బాల్యమునుండి ఈ మాట వినుచునే యున్నాము. ఐతిహ్యమును చరిత్రముగా గైకొన నక్కఱలేదు. కాని రాకాసి పేరు తాల్చిన పేటలో జనులు ఇండ్లు కట్టుకొని, పెండ్లిండ్లు చేసికొని, బిడ్డలను నిశ్చింతగా నిద్రబుచ్చుచున్నారు. భయంకరమైన పేరు వారికి వాడుకమాట యైనది. భయము ఇట్లు మచ్చికయగుట యెట్లు? అది వేడుకగా మారుటవలన మనకు మేలా, కీడా? ఈ ప్రశ్నలను ఇచట విచారింతము.

బకునికి ఏకచక్రపురమువారు పంపవలసిన కప్పము బండెడన్నము, రెండు దున్నపోతులు, వానిని తోలుకొనిపోవు మనుష్యుడు. ఇంతకంటె ఘోరమేమున్నది? అట్టి కథలో మహాకవి యేమి చేసెను? భీముడు అడవికి పోయి, రక్కసుని పేరుపెట్టి పిలిచి, వాని యన్నమును తానే భుజింప మొదలిడెను. రక్కసుడు వెనుకనుండి వీపుమీద మోదుచున్నను తిరిగి చూడక తినుచునే యుండెను. వినువారు ఇచట నవ్వక మానరు. యుద్ధము తరువాతి మాట. వినువారి మనస్సులో బకుడు ఆ నవ్వుతోనే సగము చచ్చెను.

భరతముని ఈ మర్మము నెఱుగును. ఆయన నాట్యశాస్త్రమున భయానకరసమునకు నలుపు వర్ణము, కాలుడు అధిదేవత. హాస్యరసమునకు తెలుపు వర్ణము, దానికి అధిదేవతలెవరు? ప్రమథులు, అనగా శివుని వెంట నడచు భూతగణములు! నవ్వును భూతముల చేతికిచ్చిన శాస్త్రకారుని మనము తేలికగా దాటిపోరాదు.

శాస్త్రము చదువనివారును ఈ మర్మమును ఆటలో నిలిపిరి. మా నిజామాబాదు సీమలో చిందు యక్షగానము చిరకాలమునుండి యున్నది. అర్దళము పూసిన మొగములు, అద్దపు బిళ్ళలు తాపిన కిరీటములు, భుజకీర్తులు, కాళ్ళ గజ్జెలు, మద్దెల, తాళములు, ఇవి వారి సామగ్రి. హిరణ్యకశిపుడు గర్జించునప్పుడు ముందువరుస పిల్లలు తల్లుల కొంగులలో దాగుదురు. వెంటనే బుడ్డరుఖాను అను హాస్యగాడు వచ్చి వారినే పకపక నవ్వించును. గజ్జెల అడుగులో భయమునకు ఒక కొలత యేర్పడును. కొలతగల భయము మనుష్యుని లొంగదీయదు. ఈ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ స్త్రీయయ్యు పురుషవేషములలో పేరు గడించి 2005లో కీర్తిశేషురాలయ్యెను.

మేమును ఒకప్పుడు సంస్కారోత్సాహమున, ఈ వేషములన్నియు మూఢత్వమును పెంచునవేయని శిష్యులకు బోధించితిమి. ఒక బాలుడు లేచి, “పంతులుగారూ, వేషము తీసినాక రాక్షసుడు మా అరుగు మీదనే కూర్చుండి చాయ తాగిండు. నాకేమి భయము?” అనెను. మాకు బదులు తోచలేదు. వేషము వేయుటను, వేషము తీయుటను కన్నులార చూచినవాడు భూతమునకేల వెఱచును?

చలనచిత్రమునందును ఈ సంప్రదాయము చేరినది. 1957లో విడుదలయైన ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై పెండ్లి విందు ముందు కూర్చుండి, మాధవపెద్ది సత్యము గొంతుతో నవ్వుచు పాడగా తెలుగుదేశమంతయు నవ్వినది. భీముని కొడుకునకు తండ్రి ఆకలియు, తండ్రి వేడుకయు రెండును వచ్చినవి.

ఆ యేండ్లలోనే సముద్రముల కావల ఇట్టి వేడుకయే బయలుదేరినది. అమెరికాలో నీగ్రోల బ్లూసు పాటయు, హిల్‌బిల్లీలని నాగరికులు తక్కువచేసిన పల్లెటి తెల్లవారి పాటయు కలిసి 1954 ప్రాంతమున రాకబిల్లీ యైనది. మనిషియెత్తు బేసు వాద్యపు తంత్రులను లాగి విడిచి టపటప మ్రోగించుట దాని దరువు. 1956లో స్క్రీమిన్ జే హాకిన్స్ అను నల్లజాతి గాయకుడు చేతబడిని గూర్చిన పాటను అరచి, మూలిగి పాడి, పిమ్మట రంగస్థలమున శవపేటికలోనుండి లేచి వచ్చెడివాడు. కొన్ని రేడియో కేంద్రములు ఆ పాటను నిషేధించినవి. యువకులు మాత్రము విరగబడి నవ్విరి. 1976లో న్యూయార్కున వెలసిన ‘ది క్రాంప్స్’ మేళమువారు రాకబిల్లీ దరువునకు ప్రేతములను, పాత చిత్రములలోని వికృతరూపములను జతపఱచిరి. 1980లో లండనున ‘ది మీటియర్స్’ మేళము ఆ దారినే ఇంకను వేగముగా నడచినది.

ఆ క్రాంప్సు మేళము 1978 జూను 13న కాలిఫోర్నియాలోని నాపా మానసిక వైద్యశాలలో రోగులయెదుట పాడినది. లోకము ఎవరిని చూచి భయపడి గోడల వెనుక నుంచెనో, వారు గాయకుల ప్రక్కకు వచ్చి గంతులు వేసిరి. భూతముల పాట పాడువారు ఆ మనుష్యులకు భయపడలేదు.

సంస్కారులు గ్రహింపవలసిన భేదము ఇచటనే యున్నది. భూతమునకు భయపడుట ఒక ఆట. మనుష్యునకు భయపడుట మహాపాపము. మన తెలంగాణపు పల్లెలలో బాణామతి చేసిరను నెపమున అమాయకులను కొట్టినవారు, చంపినవారు కలరు. ఆ పాపము వేషములు వేసిన చిందువారిది కాదు. వేషము లేని ముసలమ్మ ముఖమున భూతమును చూచినవారిది. ఎల్లమ్మ వేషమునకు రాత్రి మ్రొక్కిన చేతులే తెల్లవారిన పిదప ఆ వేషధారిని అంటరానివాడని దూరముగా నిలిపినవి. అదియును మనుష్యుని చూచి వెఱచుటయే.

కావున మన యిండ్లలో పిల్లలు మసిపూసికొని రక్కసులై గంతులు వేసినచో అదలింపవలదు. చిందువారు ఊరికి వచ్చినచో ముందువరుసలో కూర్చుండబెట్టుడు. ఆట ముగిసి రక్కసుడు మొగము కడుగుకొని వచ్చినప్పుడు మన పంక్తిలోనే విస్తరి వేయుడు. నవ్వెడి రక్కసుని బిడ్డలకు చూపుట సులభము. వాడు మనుష్యుడని చూపుటయే మన పని.