మ్యువాక్ టేప్

మ్యువాక్ టేప్ 6 నుంచి 59 నెలల పిల్లల జబ్బ మధ్యభాగపు చుట్టుకొలతను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపి, తీవ్ర పోషకాహార లోపాన్ని గుర్తించే కొలత పట్టీ. అక్షరాలు రాని తల్లికి కూడా ఫలితం అర్థమవడం దీని ప్రత్యేకత.

పుట్టుక: 1960ల చివర నైజీరియాలో క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సహాయ బృందం జబ్బ చుట్టుకొలతను ఎత్తుతో పోల్చే ‘క్వాక్ కర్ర’ను వాడింది. 1974లో పరిశోధకులు షకీర్, మోర్లీ ‘లాన్సెట్’ వైద్య పత్రికలో రంగుల పట్టీని ప్రతిపాదించారు. అప్పటి హద్దులు 12.5, 13.5 సెంటీమీటర్లు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అతితీవ్ర లోపానికి హద్దును 11 నుంచి 11.5 సెంటీమీటర్లకు పెంచాయి.

వాడే తీరు: ఎడమ భుజం కొనకు, మోచేతి కొనకు నడుమ సరిగ్గా సగం దూరాన గుర్తు పెడతారు. చేతిని వదులుగా వేలాడనిచ్చి, చర్మం నొక్కుకుపోకుండా, పట్టీ జారిపోకుండా చుట్టి, కిటికీలాంటి రంధ్రంలో బాణం గుర్తు దగ్గర కొలత చూస్తారు. 11.5 సెంటీమీటర్లలోపు ఎరుపు (అతితీవ్ర లోపం), 11.5 నుంచి 12.5 లోపు పసుపు (మధ్యస్థ లోపం), 12.5, ఆపైన ఆకుపచ్చ.

పరిమితులు: రెండు పాదాల్లో నొక్కితే గుంట పడే వాపు ఉంటే, రంగు ఏదైనా అతితీవ్ర లోపంగానే పరిగణిస్తారు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని వారికి అంకెలే ఆధారం.

ప్రాముఖ్యం: నైజర్‌లో తల్లులకే ఈ కొలత నేర్పారు. భారతదేశంలో పోషకాహార పునరావాస కేంద్రాల్లో చేర్చుకోవడానికి ఎరుపు ఫలితం ఒక ప్రమాణం.