పశువుల గుండె దెబ్బను పట్టించే రక్త సూచికలు

గుండె కండరం దెబ్బతింటే దాని కణాల్లోని కొన్ని ఎంజైములు, ప్రొటీన్లు రక్తంలోకి కారతాయి. వాటిని కొలిచి, పశువు బతికుండగానే జబ్బును పసిగట్టే పద్ధతి ఇది. నేడు వీటిలో ముఖ్యమైనది ట్రోపోనిన్-ఐ అనే ప్రొటీన్.

ఇలాంటి పరీక్ష ఎక్కడ అవసరమో చూడటానికి కాలిఫోర్నియా ఒక ఉదాహరణ. అక్కడి శాన్ రామన్ చుట్టూ ఉన్న కొండలు పాతకాలపు మేత భూములు. ఎండుగడ్డికి నిప్పంటుకునే ముప్పు తగ్గించడానికి ఈస్ట్ బే ప్రాంతీయ పార్కుల సంస్థ ఇప్పటికీ తన భూముల్లో పశువులను మేపిస్తోంది. పశువులకు మాత్రం అక్కడ ఒక ముప్పు ఉంది. ఆ రాష్ట్రంలో రోడ్ల పక్కన, పెరళ్లలో విరివిగా పెంచే గన్నేరు గుండెకు విషం. కత్తిరించి పారేసిన కొమ్మ ఎండినా విషం పోదు. చనిపోయిన పశువు పొట్టలోని మేతలో గన్నేరు విషమైన ఒలియాండ్రిన్ ఉందేమో డేవిస్‌లోని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. మిగిలిన మందలో గుండె దెబ్బతిన్నవేవో తెలుసుకోవడానికి రక్త పరీక్ష అక్కరకొస్తుంది.

ఈ పరీక్షల చరిత్ర మనుషుల వైద్యంతో మొదలైంది. గుండెపోటు వచ్చినవారి రక్తంలో ఏఎస్‌టీ అనే ఎంజైము పెరుగుతుందని 1954లో న్యూయార్క్ వైద్యులు చూపించారు. తర్వాత క్రియాటిన్ కైనేజ్ అనే మరో ఎంజైము వాడుకలోకి వచ్చింది. పశువుల విషయంలో ఇవి తికమక పెడతాయి. ఈనిన తర్వాత లేవలేక రోజంతా ఒకే పక్కన పడుకున్న ఆవుకు తొడ కండరాలు నలిగినా క్రియాటిన్ కైనేజ్ ఎగబాకుతుంది, గుండె మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి బృందం 1960లలో కనుగొన్న ట్రోపోనిన్ ఈ చిక్కు విప్పింది. గుండెలోని ట్రోపోనిన్-ఐ ఒంటి కండరాలలోని దానికి భిన్నం. పైగా క్షీరదాలన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటుంది కనుక మనుషుల కోసం చేసిన కిట్లు ఆవులకూ పనికొచ్చాయి. దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు మోతాదు మించితే గుండె కండరం చస్తుంది. ఆ నష్టానికీ రక్తంలోని ట్రోపోనిన్-ఐ స్థాయికీ సంబంధముందని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించారు. ఈ పద్ధతి చరిత్రలో అసలు మలుపు ఇదే అనాలి. చేతిలో ఇమిడే పరికరాలతో కొట్టం దగ్గరే నిమిషాల్లో ఫలితం చూసే వీలు కూడా కలిగింది.

తెలుగు నేల మీద దీని అవసరం తక్కువేమీ కాదు. గాలికుంటు సోకిన లేగదూడ నోట్లో పుండ్లు కనబడకముందే గుండె పాడై కుప్పకూలవచ్చు. మేతతో పాటు మింగిన ఇనుప తీగ రెండో పొట్టను చీల్చుకుని గుండె పొరలో దిగితే మెడ నరం తాడులా ఉబ్బుతుంది, గంగడోలులో నీరు చేరుతుంది. అప్పటికి వైద్యానికి వేళ మించిపోయినట్టే. ట్రోపోనిన్ పెరిగితే గుండెకు దెబ్బ తగిలిందని తెలుస్తుంది, కారణం తీగా, వైరస్సా, విషమా అన్నది తెలియదు. కొద్ది రోజుల్లో మళ్లీ పడిపోతుంది కనుక, పాత జబ్బులో ఫలితం మామూలుగానే రావచ్చు. అందుకే పశువైద్యులు స్టెతస్కోపును, అల్ట్రాసౌండ్‌ను పక్కన పెట్టలేదు.