ఎర్లీ యాక్సెస్‌ గేమ్‌ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

త్రిపురాంతకంలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా పీసీ గేమ్‌ కొనాలంటే ఇప్పుడు యూపీఐ పిన్‌ కొడితే చాలు. స్టీమ్‌ స్టోర్‌లో ధరలు రూపాయల్లోనే కనిపిస్తున్నాయి. అయితే ‘ఎర్లీ యాక్సెస్‌’ అని రాసి ఉంటే ఆ గేమ్‌ ఇంకా పూర్తి కాలేదని అర్థం. ట్రైలర్‌ చూసి కొన్నాక అందులో సగం ఫీచర్లు లేకపోతే ఏంటి పరిస్థితి? డబ్బు వెనక్కి వస్తుందా?

ఎర్లీ యాక్సెస్‌ అంటే ఏమిటి?

గేమ్‌ తయారవుతుండగానే అమ్మకానికి పెట్టడం. కొన్నవాళ్లు వెంటనే ఆడొచ్చు, లోపాలు చెప్పొచ్చు. ఆ డబ్బుతో కంపెనీ మిగతా పని చేస్తుంది. స్టీమ్‌ ఈ పద్ధతిని 2013 మార్చిలో మొదలుపెట్టింది. అంతకుముందే మైన్‌క్రాఫ్ట్‌ ఇలా అమ్ముడైంది. 2009లో అమ్మకాలు మొదలైతే, పూర్తి వెర్షన్‌ 2011 నవంబర్‌లో వచ్చింది.

ప్రీ-ఆర్డర్‌ వేరు. అందులో ముందే డబ్బు కట్టినా, గేమ్‌ చేతికొచ్చేది రిలీజ్‌ రోజునే.

హిట్లు ఉన్నాయి, దెబ్బలూ ఉన్నాయి

బాల్డర్స్‌ గేట్‌ 3 గేమ్‌ 2020 అక్టోబర్‌ 6న ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది. అప్పుడు మొదటి భాగం మాత్రమే ఆడే వీలుండేది. దాదాపు మూడేళ్ల తర్వాత, 2023 ఆగస్టు 3న పీసీలో పూర్తిగా రిలీజైంది. ముందే కొన్నవాళ్లు మళ్లీ డబ్బు కట్టాల్సిన పని లేకపోయింది.

‘ది డే బిఫోర్‌’ కథ వేరు. 2023 డిసెంబర్‌ 7న అమ్మకానికి వచ్చింది. నాలుగు రోజులకే, డిసెంబర్‌ 11న, స్టూడియో మూసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. 2024 జనవరి 22న సర్వర్లు ఆగిపోయాయి. కొన్నవాళ్లకు రీఫండ్‌ ఇచ్చారు.

అన్నిసార్లూ అలా జరగదు. కెర్బల్‌ స్పేస్‌ ప్రోగ్రామ్‌ 2 గేమ్‌ 2023 ఫిబ్రవరిలో 49.99 డాలర్ల ధరతో వచ్చింది. మల్టీప్లేయర్‌, వేరే గ్రహాలపై కాలనీలు తర్వాత ఇస్తామన్నారు. 2024లో దాన్ని తయారుచేస్తున్న స్టూడియోనే మూతపడింది.

రీఫండ్‌ రూల్‌ ఇదీ

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే రీఫండ్‌ అడగొచ్చు. ఎర్లీ యాక్సెస్‌లో ఆడిన ప్రతి నిమిషం ఈ 2 గంటల్లోకే వస్తుంది. పూర్తి గేమ్‌ వచ్చాక లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవదు.

ఇంట్లో నెట్‌ స్లోగా ఉంటే ఇంకో ఇబ్బంది. డౌన్‌లోడ్‌కు నాలుగైదు రోజులు పట్టొచ్చు. అందుకే డౌన్‌లోడ్‌కు వీలు చూసుకున్నాకే కొనడం మేలు.

బయటి వెబ్‌సైట్లలో తక్కువ రేటుకు కొన్న ‘కీ’లకు స్టీమ్‌ రీఫండ్‌ ఇవ్వదు.

మొబైల్‌లో అయితే?

గూగుల్‌ ప్లేలోనూ ఎర్లీ యాక్సెస్‌ యాప్‌లు, గేమ్‌లు ఉంటాయి. వీటికి పబ్లిక్‌ రివ్యూలు రాయలేం, మన అభిప్రాయం నేరుగా డెవలపర్‌కే వెళ్తుంది. అంటే వేరేవాళ్ల అనుభవం చూసి తేల్చుకునే అవకాశం ఉండదు. ‘ఎర్లీ యాక్సెస్‌ ఏపీకే’ అంటూ టెలిగ్రామ్‌, వాట్సాప్‌లలో తిరిగే లింకుల జోలికి అసలే వెళ్లొద్దు.

కొనే ముందు చూడాల్సినవి

* ఈ రోజు గేమ్‌లో ఏముంది? స్టోర్‌ పేజీలో డెవలపర్‌ రాసిన సమాధానాలు చదవండి.
* చివరి అప్‌డేట్‌ ఎప్పుడు వచ్చింది? ఏడాది దాటినా అప్‌డేట్‌ లేకపోతే 2025 నుంచి స్టీమ్‌ పేజీలోనే హెచ్చరిక చూపిస్తోంది.
* రివ్యూల్లో పాతవి కాదు, ఈ నెలవి చూడండి.
* ఆన్‌లైన్‌లోనే ఆడే గేమా? సర్వర్‌ ఆగితే గేమ్‌ కూడా పోయినట్టే.

మొత్తమ్మీద లెక్క ఒక్కటే. ఇక ఒక్క అప్‌డేట్‌ కూడా రాకపోయినా, ఇప్పుడున్నదానికి ఈ ధర గిట్టుబాటే అనిపిస్తే కొనొచ్చు. రాబోయే ఫీచర్ల కోసమే అయితే ఆగడం మంచిది. పూర్తి గేమ్‌ వచ్చాక కూడా కొనుక్కోవచ్చు.

కొనుగోలులో అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు కాల్‌ చేయొచ్చు. నకిలీ లింకుతో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్‌ చేయాలి.