తూటా మందుకు నిలకడ ఎలా వచ్చింది

వెయ్యి గజాల గురికి కాల్చినప్పుడు గుండు వేగం సెకనుకు 50 అడుగులు తగ్గితే చాలు, అది తగిలే చోటు అడుగుకు పైగా కిందికి దిగిపోతుంది. అందుకే అమెరికాలో కాల్చేసిన తూటా గొట్టాల్లో సొంతంగా మందు నింపుకునే షూటర్లు మందు సత్తువ కన్నా దాని నిలకడనే ముందు చూస్తారు. ఆ నిలకడను కొలిచే సాధనం రావడానికి శతాబ్దాలు పట్టింది.

సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు కాలంలో పరీక్ష మొరటుగా ఉండేది. చిన్న గొట్టంలో కొంచెం మందు వేసి అంటిస్తే, మూత ఎగిరి పళ్లచక్రాన్ని తిప్పేది. చక్రం ఎంత తిరిగితే మందు అంత గట్టిదని లెక్క. గుండు వేగం సంగతి మాత్రం దానికి అందేది కాదు.

ఆ ముడి విప్పినవాడు ఇంగ్లండు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్. 1742లో అచ్చయిన ఫిరంగిశాస్త్ర గ్రంథంలో ఆయన ఒక లోలకాన్ని వర్ణించాడు. వేలాడే ఇనుప పలకకు చెక్క బిగించి అందులోకి గుండు కాల్చాలి. పలక వెనక్కి ఎంత ఊగిందో దానికి తగిలించిన రిబ్బను చెబుతుంది. గుండు బరువు, లోలకం బరువు తెలుసు కాబట్టి వేగం తేలిపోతుంది. మందు చరిత్రలో దీన్ని మించిన మలుపు లేదని నా నమ్మకం. ఏ కొత్త మందు కనిపెట్టడమూ దీనికి సాటిరాదు. ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయించడానికి 1750లో మన తూర్పు తీరానికి వచ్చిన రాబిన్స్, మరుసటి ఏడాదే కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

1860లలో బెల్జియం సైనికాధికారి లె బూలాంజె గుండు వేగం కొలిచే పనిని విద్యుత్తుకు అప్పగించాడు. గుండు మొదటి తీగను తెంచగానే ఒక కడ్డీ జారి పడుతుంది. రెండో తీగ తెగగానే కత్తి విడుదలై ఆ కడ్డీ మీద గాటు పెడుతుంది. గాటు పడిన చోటును బట్టి మధ్యలో గడిచిన కాలం తెలుస్తుంది.

1884లో ఫ్రాన్సులో పాల్ వియేయ్ పొగరాని మందు తయారుచేశాడు. నైట్రిక్ ఆమ్లంతో మార్చిన పత్తిని ముద్దచేసి, పలుచగా వత్తి, ముక్కలుగా కోశాడు. ఈ మందు ఎంత వేగంగా మండుతుందన్నది పలుకు ఆకారం, మందం మీద కూడా ఆధారపడుతుంది. అయినా ఏ రెండు విడతలూ అచ్చం ఒకేలా రావు. తూటాల ఫ్యాక్టరీకి అది పెద్ద చిక్కు కాదు. పీడనం కొలిచే తుపాకీ ఉంటుంది కాబట్టి విడతను బట్టి మోతాదు మార్చుకుంటుంది. ఇంట్లో నింపుకునేవారికి ఆ సదుపాయం లేదు, పుస్తకంలోని అంకెనే నమ్ముకోవాలి. అందుకే డబ్బాల్లో అమ్మే మందును వేర్వేరు విడతలు కలిపి పాత ప్రమాణానికి దగ్గరగా తెస్తారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రూస్ హాజ్డన్ అనే అమెరికన్, సైన్యం దగ్గర మిగిలిపోయిన 4895 అనే మందును కొని చవగ్గా అమ్మాడు. ఆ నిల్వ తరిగాక అదే పేరుతో కొత్తగా చేయించిన మందు పాతదానికి సరితూగాల్సి వచ్చింది. నేడు ఆ మందు ఆస్ట్రేలియాలో తయారవుతోంది, ఎండకూ చలికీ వేగం పెద్దగా మారదన్న పేరుంది.

ఇళ్లకు ఎలక్ట్రానిక్ వేగమాపకాలు వచ్చాక రెండు మందులను పోల్చడం తేలికైంది. అయితే అయిదు గుండ్లకే తీర్పు చెప్పడం తొందరపాటు, ఇరవై ముప్పై కాలిస్తేనే అసలు హెచ్చుతగ్గులు బయటపడతాయి. అనుభవజ్ఞులు డబ్బా మీది విడత నంబరు చూసి, ఒకే నంబరువి కొన్ని కలిపి కొంటారు. కొత్త నంబరు వస్తే మోతాదు తగ్గించి మళ్లీ మొదటినుంచి పరీక్షిస్తారు.