ఋతువిరతి - హార్మోను చికిత్స చరిత్ర

స్త్రీలకు సుమారు 50 ఏండ్ల ప్రాంతమున ముట్లు ఉడుగును. అండాశయములు ఈస్ట్రోజన్ అను హార్మోనును తయారుచేయుట దాదాపు మానివేయును. ఇది వ్యాధి కాదు. అయినను ఆ కాలమున అనేకులకు ఒడలు ఒక్కసారిగా ఆవిరులెత్తును, చెమటలు పట్టును, రాత్రులు నిద్ర ఉండదు. ఎముకలు క్రమముగా పెళుసెక్కును. ఈ దశకు 'మెనోపాజ్' అను పేరు పెట్టినవాడు గార్డాన్ అను ఫ్రెంచి వైద్యుడు. అది 1821వ సంవత్సరము.

హార్మోను చేతికి చిక్కుటకు మరి నూరేండ్లు పట్టెను. 1923లో అమెరికాలో ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిసీ అనువారు ఆడపందుల అండాశయములనుండి తీసిన ద్రవములో అది కలదని చూపిరి. 1929లో డాయిసీ, జర్మనీలో బ్యూటెనాంట్ వేరువేరుగా గర్భిణీ స్త్రీల మూత్రమునుండి ఈస్ట్రోన్‌ను స్ఫటికరూపమున వేరుచేసిరి. 1942లో చూడి గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన 'ప్రెమరిన్' అమెరికాలో అమ్మకమునకు వచ్చెను.

లోపించినదానిని పూరించిన చాలును గదా అని పలువురు తలచిరి. 1966లో రాబర్ట్ విల్సన్ అను వైద్యుడు 'ఫెమినైన్ ఫరెవర్' అను గ్రంథమున ఋతువిరతిని లోపమువలన కలుగు వ్యాధిగా వర్ణించి, ఈస్ట్రోజన్ యౌవనమును నిలుపునని ప్రచారము చేసెను. బిళ్ళల వాడుక పెరిగెను. కాని ఈస్ట్రోజన్‌ను ఒంటిగా వాడినవారిలో గర్భాశయపు లోపొర కాన్సరు హెచ్చుగా నున్నదని 1975లో రెండు పరిశోధనలు వెల్లడించెను. ప్రొజెస్టిరోన్ వంటి హార్మోనును జతచేసినచో ఈ అపాయము తగ్గునని తరువాత తేలెను.

ఈ మందు గుండెను కూడ కాపాడునని చాలమంది నమ్మిరి. నమ్మకము వేరు, పరీక్ష వేరు. అమెరికాలో 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' అను పరిశోధనలో 16,608 మంది స్త్రీలను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు రెండు హార్మోనులు గల బిళ్ళను, రెండవదానికి మందులేని బిళ్ళను ఇచ్చిరి. 2002 జూలైలో పరీక్షను మధ్యలోనే నిలిపివేసిరి. రొమ్ము కాన్సరు 26 శాతము పెరిగినదను వార్త విని లక్షలాది స్త్రీలు మందు మానిరి.

ఇచ్చట విద్యార్థులు ఆగి లెక్క చూడవలెను. మందు లేని జట్టులో ఏడాదికి 10,000 మందిలో 30 మందికి ఈ కాన్సరు రాగా, మందు వాడినవారిలో 38 మందికి వచ్చెను. అనగా హెచ్చినది 8 మంది. పక్షవాతము కూడ 8 మందికి, గుండెజబ్బు 7 గురికి హెచ్చెను. తుంటి ఎముక విరుగుట 5 గురిలో తగ్గెను. మరియొక సంగతి: పరీక్షలోని వారి సగటు వయస్సు 63. వారిలో పెక్కుమందికి ముట్లుడిగి పదియేండ్లు దాటినది. 2007లో అవే లెక్కలను విడదీసి చూడగా, పదియేండ్లలోపు మందు మొదలిడినవారిలో గుండెజబ్బు హెచ్చినట్లు కనబడలేదు.

కావుననే నేడు 60 ఏండ్లలోపువారికి, బాధ ఎక్కువైనచో, వైద్యులు ఈ చికిత్సను సూచింతురు. రొమ్ము కాన్సరు వచ్చినవారికి సాధారణముగా ఈయరు. హార్మోను కాని మందులును కలవు. 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఫెజోలినెటాంట్, మెదడులో దేహపు వేడిమిని అదుపుచేయు భాగముపై పనిచేయును. నడక, బరువులెత్తు వ్యాయామము, కాల్షియము గల ఆహారము ఎముకలకు మేలు చేయును. స్థూలకాయులు బరువు తగ్గినచో ఆవిరులు కొంత తగ్గును.

1966లో ఆశ తొందరపడెను. 2002లో భయము తొందరపడెను. రెండు మారులును నష్టపోయినది బాధపడుచున్న స్త్రీయే. మందు మంచిదా, చెడ్డదా అని అడుగుటకన్న, ఎవరికి, ఏ వయస్సున, ఎంతమందిలో ఎందరికి అని అడుగుటయే శాస్త్రీయదృష్టి.