ఉద్దేశాన్ని చేతిదాకా చేర్చిన దారి

పక్షవాతంతో చెయ్యి పడిపోయినా, దాన్ని కదపాలన్న ఉద్దేశం చాలామందిలో మెదడులో పుడుతూనే ఉంటుంది. కండరందాకా రాదు, అంతే. తలకు తగిలించిన ఎలక్ట్రోడ్లతో ఆ ఉద్దేశాన్ని పట్టి, యంత్రంతో చెయ్యి కదిలించేదే ఇప్పుడు వింటున్న బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్.

మనిషి మెదడు విద్యుత్తును మొదట నమోదు చేసినవాడు జర్మనీలోని యేనాకు చెందిన హాన్స్ బెర్గర్, 1924లో. బయటపెట్టింది 1929లో. చెయ్యి కదిపినట్టు ఊహించుకున్నా చాలు, మెదడులో చేతిని నడిపే చోటి తరంగాలు సన్నగిల్లుతాయని తర్వాతివాళ్లు గుర్తించారు. 1969లో అమెరికాలోని సియాటిల్‌లో ఎబర్‌హార్డ్ ఫెట్జ్, తిండి ఆశ చూపి, కోతి తన ఒక్క నాడీకణం జోరును తానే పెంచుకునేలా నేర్పాడు. ‘బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్’ అన్న పేరు 1973లో జాక్ విడాల్ పెట్టాడు. ఫెట్జ్ పనిచేసిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనే, హైదరాబాద్ కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదివిన రాజేశ్ రావు 2013 ఆగస్టులో తన మెదడు సంకేతంతో, క్యాంపస్‌లో మరోచోట కూర్చున్న సహచరుడి చేతిని కదిలించారు.

చికిత్సకు అసలు మలుపు అదే ఏడాది జర్మనీలో వచ్చింది. పక్షవాతం వచ్చి చాలాకాలమైన 32 మందికి చేతికి యంత్రం కట్టారు. సగంమందికి వాళ్లు కదపాలనుకున్నప్పుడే అది కదిలింది; మిగతావాళ్లకు ఆ ఉద్దేశంతో సంబంధం లేకుండా కదిలింది. రెండు బృందాలకూ ఫిజియోథెరపీ ఒకటే. మెరుగుపడింది మొదటి బృందమే. తలపూ కదలికా ఒకే క్షణంలో కలవడమే మందు అని నాకు అనిపించేది ఇందుకే.

పక్షవాత వ్యాయామాల్లో వాడే వర్చువల్ రియాలిటీ చేతి కదలికను కంటికి చూపిస్తుంది. దాని మీద అంచనాలు కాస్త తగ్గించుకోవాలి. 72 ప్రయోగాలను కలిపి చూసిన 2017 నాటి కోక్రేన్ సంస్థ సమీక్షలో, మామూలు వ్యాయామానికి బదులుగా వాడితే చేతికి అదనపు మేలు కనిపించలేదు. వ్యాయామానికి తోడుగా, అదనపు సమయంగా వాడితేనే కనిపించింది.

2021లో అమెరికా అనుమతించిన ఇప్సీహ్యాండ్ అనే పరికరం, దెబ్బతినని వైపు మెదడు సంకేతాలనే పట్టి చేతిని తెరుస్తుంది, మూస్తుంది. మహారాష్ట్రలో బల్లార్షా పక్కనున్న బామ్నిలో ఒక తెలుగు కుటుంబానికి అలాంటిది ఇప్పట్లో అందుబాటులోకి రాకపోవచ్చు. కానీ కదలికను కంటికి చూపించే పని ఒక మామూలు అద్దంతోనూ చేయవచ్చు. నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ బృందం 1999లో పక్షవాత రోగులపై పరీక్షించిన పద్ధతి అది: రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి, పడిపోయిన చేతిని దాని వెనక ఉంచి, మంచి చేతి ప్రతిబింబం చూస్తూ రెండింటినీ కదపడానికి ప్రయత్నించాలి. చంద్రపూర్ లేదా నాగపూర్ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఫిజియోథెరపిస్టును ఈ అద్దం వ్యాయామం గురించి అడిగి నేర్చుకుంటే, ఇంటికొచ్చాక రోజూ చేయించవచ్చు.